బరాత్ లేజరు, పైలట్ కన్ను

లాడ్ బజార్‌లో లక్క గాజులు బేరమాడుతున్న పెళ్లివారికి ఒక మనవి. బరాత్‌కు లేజరు లైట్లు మాట్లాడుకునే ముందు శంషాబాద్‌లో దిగే విమానాలను తలచుకోండి.

దిగే విమానం సుమారు మూడు డిగ్రీల వాలులో వస్తుంది. రన్‌వే ఇంకా 5 కిలోమీటర్లుందనగా దాని ఎత్తు దాదాపు 260 మీటర్లే. మన చేతిలో సన్నగా కనిపించే ఆకుపచ్చ కిరణం అంత దూరం వెళ్లేసరికి వెడల్పవుతుంది. కాక్‌పిట్ అద్దం మీద పడి చెదిరి, అద్దమంతా వెలుగైపోతుంది. పైలట్‌కు రన్‌వే దీపాలు కనపడవు. కిరణం పక్కకు తప్పుకున్నా కళ్లు కాసేపు బైర్లు కమ్మే ఉంటాయి. నేల తాకడానికి మిగిలింది నిమిషం పైచిలుకే! వెనక వందమందికి పైగా ప్రయాణికులు.

 

మన పాతబస్తీ పెళ్లికి మర్ఫా దరువుంది. లేజరు వద్దని డీజే వాళ్లకు ముందే చెప్పండి.