ఫోను ఒక్కసారిగా మోగితే

2023లో చాలామంది ఫోన్లు ఉన్నట్టుండి పెద్దగా మోగాయి, గుర్తుందా? సైలెంట్‌లో పెట్టినవి కూడా! తెర మీద ఒక సందేశం: ఇది పరీక్ష మాత్రమే, మీరేమీ చేయనక్కర్లేదని. పంపింది కేంద్ర టెలికాం శాఖ. ఆ పద్ధతి పేరు సెల్ బ్రాడ్‌కాస్ట్.

మామూలు ఎస్సెమ్మెస్ ఒక్కో నంబరుకూ విడివిడిగా వెళ్లాలి. తుపాను వేళ అందరూ ఒకేసారి ఫోన్లు చేస్తుంటే అది ఎక్కడో ఇరుక్కుపోతుంది. సెల్ బ్రాడ్‌కాస్ట్ అలా కాదు. అచ్చం మన రేడియోలాగే. టవరు ఒకసారి చెబుతుంది, దాని పరిధిలోని ఫోన్లన్నీ వింటాయి. మీ నంబరుతో పనిలేదు. ఇంటర్నెట్టూ అక్కర్లేదు. కాకినాడ తీరానికి ముప్పొస్తే అక్కడి టవర్లతోనే చెప్పించొచ్చు, ఆదిలాబాద్‌ను నిద్రలేపక్కర్లేదు.

మరి అంత గోల ఎందుకంటారా? పడుకున్నవాళ్లు లేవాలి కదా! ఇక ఏ ఫోను మోగలేదో, ఏ టవరు పలకలేదో తుపాను రాకముందే తెలియాలి. పరీక్ష అందుకే.

విసుగొచ్చి సెట్టింగుల్లో ఎమర్జెన్సీ అలర్ట్‌లను ఆపేశారా? ఈ పూటే మళ్లీ ఆన్ చేయండి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లు కూడా ఓసారి తీసి చూడండి. వాళ్లకు తెలియకుండానే ఆపేసి ఉండొచ్చు.