దారికీ హక్కుంది

విశ్వాసానికి డెబ్బైకి పైగా శాఖలున్నాయనీ, వాటిలో చివరిది బాటలోని హానికర వస్తువును తొలగించడమనీ దైవప్రవక్త (స) బోధించారు. చార్మినార్ చుట్టూ బాట ఎవరిదని నేడు వర్తకులు, తోపుడుబండ్లవారు, వాహనదారులు వాదులాడుకొంటున్నారు. దారికే ఒక హక్కుందన్న ప్రవక్త (స) బోధను మాత్రం ఎవరూ తలచుకోవడం లేదు.

జుమా నమాజుకు ఆలస్యమైనదని మక్కా మసీదు వద్ద దారికడ్డంగా వాహనం నిలిపిన వ్యక్తి, పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రికి పోతున్న గర్భిణిని ఆపినవాడు కావచ్చు. దేవుని హక్కులో జరిగిన లోపాన్ని దేవుడు మన్నించవచ్చు. దాసుల హక్కును ఆ దాసులే మన్నించాలి. ఆ తల్లిని అతడు ఎక్కడ వెతుకుతాడు?

కనుక వాహనాన్ని దూరంగా నిలిపి నడచి రండి. మసీదు వైపు వేసే ప్రతి అడుగుకూ పుణ్యముంది. అల్లాహ్ మనకు సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.