వాకిట్లో నల్ల మరక



ఒక ఊళ్ళో ఒక డ్రైవరు ఉన్నాడు. అతనికి పాత అంబాసిడర్ కారు ఉంది. పెట్రోలు బండి. ఆ కార్లు బెంగాల్లో ఉత్తరపారా అనే చోట తయారయ్యేవి. 2014లో తయారీ ఆగిపోయింది. అయినా ఆ పాత బండే పెళ్ళిళ్ళకు, గుడి ప్రయాణాలకు తిరిగి ఆ ఇల్లు గడుపుతోంది.

అతని భార్య రోజూ పొద్దున్నే వాకిలి ఊడుస్తుంది. కారు నిలిపే చోట నల్లని మరక. కడిగితే పోదు. మర్నాడు దాని పక్కన ఇంకోటి. మెకానిక్కు వచ్చి వంగి చూశాడు.

"ఇంజను వెనక నుంచి కారుతోందమ్మా. గేరుబాక్సు దింపాలి" అన్నాడు.

కూలీ, సామానూ కలిపితే పెళ్ళిళ్ళ రోజుల సంపాదనంతా దానికే సరి. ఆమె గుండె గుభేలుమంది.

"ముందు ఎక్కడ మొదలవుతోందో చూద్దాం అన్నా" అంది.

ఆ మాటలో చాలా తెలివి ఉంది. ఎందుకంటారా? పెంకుటిల్లు కారడం అందరూ చూసిందే. పెంకు ఒకచోట పగులుతుంది. నీళ్ళు వాసం వెంట జారి ఇంకోచోట పడతాయి. ఇంజనులో నూనె కూడా అంతే. కిందికి జారుతుంది. బండి నడుస్తుంటే గాలి దాన్ని వెనక్కి తోస్తుంది. చుక్క పడే చోటు వేరు, కారే చోటు వేరు.

ఆ రాత్రి ఆమె కారు కింద పాత అట్ట పరిచింది. చుక్కలు నల్లగా, జిడ్డుగా పడితే ఇంజను ఆయిలు. రంగు నీళ్ళలా ఉంటే రేడియేటరుది. చక్రం దగ్గర పలచని నూనె కనిపిస్తే బ్రేకు ఆయిలు కావచ్చు. అప్పుడు బాగు చేయించేదాకా బండి కదపనే కూడదు. పెట్రోలు వాసన వస్తే అగ్గిపుల్ల, బీడీ దగ్గరికి రానియ్యకూడదు. ఆమెకు కనిపించినవి నల్ల చుక్కలే.

ఇంజను చల్లారాక భర్త సబ్బునీళ్ళ గుడ్డతో అంతా తుడిచాడు. వైర్ల మీద తడి పడనియ్యలేదు. బాగా ఆరాక ఆమె ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా తెచ్చింది.

"బండికి కూడా సింగారమా?" అని అతను నవ్వాడు.

అతుకుల మీద పౌడరు పలచగా చల్లారు. పావుగంట ఇంజను నడిపారు. ఫ్యాను తిరిగేటప్పుడు కొంగు, చెయ్యి దగ్గర పెట్టరాదు. ఆపాక టార్చిలైటు వేసి చూశారు. పౌడరు తెల్లగా ఉన్నచోట కారడం లేదు. తడిసి నల్లబడిన చోటు కావాలి. అందులోనూ అన్నిటికన్నా పైన తడిసిన చోటు.

ఇంజను పైన ట్యాపెట్ కవరు ఉంటుంది. దాని కింద కార్కు ప్యాకింగు. ఏళ్ళ తరబడి వేడికి అది అప్పడంలా పెళుసైపోయింది. దాని వెనక మూల తడిగా ఉంది. నూనె అక్కణ్ణుంచి ఇంజను వెనక జారి, సరిగ్గా గేరుబాక్సు అతుకు దగ్గర చుక్క కడుతోంది. మెకానిక్కును తప్పు పట్టనక్కరలేదు. కింద నుంచి చూసేవాళ్ళకు అలాగే కనిపిస్తుంది.

అతనే వచ్చి ప్యాకింగు మార్చాడు. మరీ బిగించలేదు. బిగిస్తే రేకు వంగి ఇంకా కారుతుంది. బ్రీదరు గొట్టం కూడా విప్పి చూశాడు. ఇంజను లోపలి గాలి బయటికి పోయే దారి అది. మడ్డి పట్టి పూడిపోయి ఉంది. ఆ దారి మూసుకుంటే, ఉడుకుతున్న కుండలో ఆవిరి మూతను ఎత్తినట్టు, గాలి నూనెను అతుకుల్లోంచి బయటికి తోస్తుంది. దాన్ని శుభ్రం చేశాడు. దానికి సామాను ఖర్చే లేదు.

ఇప్పుడు ఆమె దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. ప్రతి ఆదివారం పొద్దున, బండి చదును నేల మీద ఉండగా, ఆయిలు పుల్ల తీసి తుడుస్తుంది. మళ్ళీ ముంచి తీస్తుంది. నూనె రెండు గీతల మధ్య ఉండాలి. తేదీ, కిలోమీటర్లు, పోసిన ఆయిలు రాస్తుంది. నేల మీద మరక లేకుండానే కొలత తగ్గి, పొగ నీలంగా వస్తే నూనె లోపలే కాలుతోందన్నమాట. పుల్ల మీద నూనె పాల టీలా కనిపిస్తే నీళ్ళు కలిశాయేమో చూడాలి. దారిలో ఆయిలు లైటు వెలిగితే ఆ క్షణమే ఆపాలి. ఇంకో మైలు పోదాం అంటే ఇంజను పట్టేస్తుంది.

ఆ ఇంజన్లో వెనకవైపు రబ్బరు సీలు ఉండదు. ఇరుసు మీద మరచుట్టులాంటి గాడి ఉంటుంది. అదే నూనెను లోపలికి తిప్పుతుంది. అందుకని చుక్కో రెండు చుక్కలో పడటం పాత అంబాసిడర్‌కు మామూలే. ఎక్కువై, నూనె తగిలి క్లచ్చి జారితే గేరుబాక్సు దింపక తప్పదు. ఆ రోజు ఇంకా రాలేదు. పోయిన ఆదివారం ఎదురుగా ఆమె ఇలా రాసింది: "కొలత దిగలేదు. అట్ట మీద 2 చుక్కలు."