దెబ్బ తిన్నవారి పక్కన నిలబడదాం
(షోలాపూర్ కార్మికుల సభలో యూనియన్ కార్యదర్శి ప్రసంగం)



రాత్రి పాళీ దిగి పగారుతో ఇంటికి పోయే మనిషిని దారికాచి కొట్టి, డబ్బు గుంజుకుంటే చుట్టూ జనం మొదట ఏమంటారు? "ఆ వేళ ఆ దారిన ఎందుకు పోయినవ్?" అంటారు. దొంగను విడిచి దెబ్బ తిన్నవాణ్ణి నిలదీస్తారు. ఇది అన్యాయం.

2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక సురక్షా సంహిత ఏం చెబుతోంది? ఇటువంటి నేరం జరిగినప్పుడు "ఇది మా హద్దు కాదు" అని ఏ పోలీస్ స్టేషనూ తిప్పి పంపరాదు. రాసుకున్న ఫిర్యాదును చదివి వినిపించాలి. మరాఠీ రానివారు అర్థం చెప్పించుకున్నాకే సంతకం పెట్టాలి. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా తెలపాలి.

నేరస్తుడు ఎవరో తెలియకపోయినా, నష్టపరిహారం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం స్త్రీలకూ, పారిశ్రామిక కార్మికులకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును పెట్టించుకునే హక్కుంది. ఇది ఎవరి దయా కాదు.

కాని ఒంటరివాడికి కాగితం మీది హక్కు అక్కరకు రాదు. పాళీ పోతే పగారు పోతుంది. స్టేషన్ చుట్టూ ఎన్నిసార్లు తిరగగలడు? అందుకే యూనియన్ నుంచి ఇద్దరం వెంట నడుద్దాం. ఆడకూతురైతే ఒక అక్క తోడుండాలి. పోయిన పాళీ కూలికి చందా వేసుకుందాం.

కొట్టినవాడు మన ఊరివాడే కావచ్చు, మన కులంవాడే కావచ్చు. "మనలో మనం రాజీపడదాం" అని బాధితుల నోరు నొక్కవద్దు. మనం నిలబడేది దెబ్బ తిన్నవారి పక్కనే!