రెండు గంటల్లో పోయిన ఇల్లు, ఒక తరమైనా తిరిగి రాని ఊరు
(జీవన కథనాల సేకరణపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



యుద్ధం వల్ల చెదిరిపోయిన మనుషుల జీవన కథనాల గురించి మాట్లాడమని నిర్వాహకులు మమ్మల్ని కోరారు. ఇందుకు మేము శ్రీలంక ఉత్తర ప్రాంత ముస్లిముల అనుభవాన్ని ఎంచుకున్నాము. ఒక మైనారిటీ పేరిట పోరాడిన సంస్థ చేతిలో మరొక మైనారిటీ నిరాశ్రయమైన చరిత్ర అది. అందుకే దానిని చెప్పడం ఎవరికీ సులువు కాదు. వినడం మనకు మరింత అవసరం.

ఉత్తర శ్రీలంక ముస్లిముల మాతృభాష తమిళం. జాఫ్నా పట్టణంలో వారు వర్తకులు, దర్జీలు. మన్నార్ తీరంలో జాలరులు, రైతులు. ఇరుగుపొరుగు తమిళులతో వారిది తరాల నాటి సహవాసం. తమిళుల పోరాటమూ అన్యాయం నుంచి పుట్టినదేనని మరువరాదు. 1956లో సింహళాన్ని ఏకైక అధికార భాషగా చేసిన చట్టం, 1983 జులైలో తమిళులపై జరిగిన మారణకాండ ఆ గాయానికి సాక్ష్యాలు. అయితే గాయపడినవారి చేతిలోని ఆయుధం కూడా గాయమే చేస్తుంది. 1990 ఆగస్టు 3న తూర్పు తీరంలోని కాత్తాన్‌కుడిలో నమాజులో ఉన్నవారిపై తమిళ పులులు కాల్పులు జరిపి నూరుమందికి పైగా చంపారు. అదే తూర్పు ప్రాంతంలో ముస్లిం హోంగార్డులు తమిళ గ్రామాలపై దాడులు చేశారన్న ఆరోపణలూ ఉన్నాయి. ఈ రెండింటినీ కలిపి చెప్పకపోతే కథ సగమే అవుతుంది.

ఆ అక్టోబరులో ఉత్తర రాష్ట్రమంతటా ముస్లిములను వెళ్ళిపొమ్మని పులులు ఆజ్ఞాపించారు. అక్టోబరు 30న జాఫ్నాలో ధ్వనివర్ధకాలతో జనాన్ని మైదానానికి పిలిచి, రెండు గంటల గడువిచ్చారు. నగలు, సొమ్ము, ఇంటి పత్రాలు దారిలోనే లాక్కున్నారు. మన్నార్ దీవి వాసులు పడవలలో కల్పిట్టి తీరం చేరారు. సుమారు 75 వేల మంది కొద్ది రోజులలోనే నిర్వాసితులయ్యారు.

వారిలో అత్యధికులకు పుత్తళం జిల్లా ఆశ్రయమిచ్చింది. స్థానిక ముస్లిములు అన్నం పెట్టారు, మస్జిదులు తెరిచారు, గుడిసెలు వేసుకునేందుకు స్థలమిచ్చారు. ఆ ఔదార్యం చిరస్మరణీయం. కాని అతిథ్యం సంవత్సరాలకు సాగినప్పుడు కూలి పనులు, బడిలో సీట్లు, మంచినీరు పంచుకోవలసి వచ్చి పొరపొచ్చాలూ వచ్చాయి. సొంత పొలమున్న ఇంటి స్త్రీలు ఉల్లితోటలలో దినకూలీలయ్యారు. శిబిరాలలో పుట్టిన పిల్లలు తాము చూడని ఊరిని తమ ఊరుగా చెప్పుకుంటూ పెరిగారు.

2002 ఏప్రిల్‌లో కిలినొచ్చిలో పులుల నాయకత్వం ఈ బహిష్కరణ పట్ల విచారం తెలిపింది. 2009 మే నెలలో యుద్ధం ముగిసింది. అప్పటికి ఇరవై ఏళ్ళు కావస్తున్నది. అదే సమయంలో చివరి పోరులో సర్వం కోల్పోయిన లక్షలాది తమిళులు మెనిక్ ఫామ్ వంటి శిబిరాలలో నిర్బంధంగా ఉన్నారు. సహాయమందించేవారు వీరిని కొత్త నిర్వాసితులని, ముస్లిములను పాత నిర్వాసితులని విభజించారు. పాతవారి వంతు వెనక్కి పోయింది. అప్పుడు ఇద్దరు బాధితులు ఒకే వరుసలో పోటీ పడవలసి వచ్చింది.

తిరిగి వెళ్ళినవారికి ఇళ్ళ స్థానంలో మొండి గోడలు, పొలాల స్థానంలో అడవి ఎదురయ్యాయి. మన్నార్ జిల్లా ముసలి ప్రాంతంలో ఆ అడవిలో కొంత భాగాన్ని 2012లో ప్రభుత్వం రక్షిత అరణ్యంగా ప్రకటించింది. సొంత ఊరికి చేరినవారిని అడవిని ఆక్రమించుకున్నవారని నిందించే పరిస్థితి వచ్చింది. పుత్తళంలో ఉంటే శరణార్థులు, ఉత్తరాన ఉంటే ఆక్రమణదారులు! 2019 అధ్యక్ష ఎన్నికల నాడు పుత్తళం నుంచి మన్నార్‌కు ఓటు వేయడానికి వెళుతున్న బస్సులపై కాల్పులు, రాళ్ళ దాడి జరిగాయి. ఓటరు జాబితాలో పేరుండడమే వారికి ఊరితో మిగిలిన బంధం. దానినీ ప్రాణభయంతో కాపాడుకోవలసి వచ్చింది.

ఇలాంటి స్థితిలో జీవన కథనం ఏమి చేయగలదు? అక్కడి ‘లా అండ్ సొసైటీ ట్రస్ట్’ చొరవతో ఏర్పడిన పౌర కమిషన్ నిర్వాసితుల వాంగ్మూలాలను సేకరించి 2011లో నివేదిక వెలువరించింది. ప్రభుత్వాలు విచారించని నేరాన్ని పౌరులే నమోదు చేశారు. జాఫ్నా విశ్వవిద్యాలయ అధ్యాపకుల మానవ హక్కుల సంఘంలోని తమిళులు కూడా తమ ప్రాణాలకు ముప్పున్నా ఈ అన్యాయాన్ని రాశారు. పత్రాలు లాక్కోబడినవారికి జ్ఞాపకమే పత్రం. ఫలానా బావి, ఫలానా మస్జిదు పక్క సందు, సరిహద్దున ఉన్న పొరుగువారి పేరు ఇవన్నీ హక్కుకు ఆధారాలు. ఆ పొరుగువారే అవునని సాక్ష్యం చెబితే ఆ ఆధారానికి బలం పెరుగుతుంది. ఊరు కోలుకోవడమూ అక్కడి నుంచే మొదలవుతుంది.

మన దగ్గరా ఇటువంటి బాకీ ఒకటి ఉంది. 1948 సెప్టెంబరు సైనిక చర్య తరువాత హైదరాబాదు సంస్థానంలో జరిగిన హింసను పరిశీలించిన సుందర్‌లాల్ బృందం, తక్కువలో తక్కువగా 27 వేల నుంచి 40 వేల మంది మరణించి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు ప్రజల చేతికి రాలేదు. అంతకు ముందు రజాకార్ల దౌర్జన్యాలకు బలైన పల్లెల దుఃఖమూ అంతే నిజం. ఆ రోజులను కళ్ళారా చూసినవారు నేడు ఎనభై దాటినవారు. వారితో మన మాట వాయిదా పడుతూనే ఉన్నది.

కనుక మా విన్నపం ఇది. మీ ఇళ్ళలోని నానమ్మలను, తాతయ్యలను కూర్చోబెట్టి అడగండి. ఏమి పోయింది, ఎవరు తరిమారు అన్నంతటితో ఆపవద్దు. ఎవరు దాచారు, ఎవరు అన్నం పెట్టారు, ఆ రోజులలో పొరుగింటివారికి ఏమి జరిగింది అని కూడా అడగండి. వారి అనుమతితో రాసి పెట్టండి. వారు వద్దన్న పేరును బయటపెట్టకండి. పొరుగింటి దుఃఖం కూడా చోటు చేసుకున్న కథనమే రేపు న్యాయం అడిగేటప్పుడు మన వైపు నిలబడుతుంది.