ఏ ఫైలు గిట్‌లో పెట్టాలి, ఏది వదిలేయాలి

పోయిన ఎపిసోడ్ విని జోహోర్ నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఓటీ గంటలు లెక్కగట్టడానికి చిన్న పైథాన్ ప్రోగ్రాం రాసుకున్నాడట. "అన్నా, ఫోల్డర్‌లో నేను చేసినవి నాలుగే ఫైళ్లు. వాటంతట అవే పుట్టినవి బోలెడున్నాయి. అన్నీ గిట్‌లో పెట్టాలా?" అన్నాడు. అక్కర్లేదు. కానీ ఏవి అక్కర్లేదో తేల్చుకునే దగ్గర ఒక్క చోట జాగ్రత్త కావాలి, ఎందుకంటే అక్కడున్నది మన జీతం లెక్క.

ముందు తేలికైనవి చూద్దాం. పైథాన్ తన పనికోసం పైకాష్ అని ఒక ఫోల్డర్ చేసుకుంటుంది. ఎక్సెల్ షీటు తెరిచి ఉన్నంతసేపు అదే పేరుతో, ముందు డాలరు గుర్తు ఉన్న ఇంకో చిన్న ఫైలు కనబడుతుంది. ఆటోక్యాడ్ వాడేవాళ్లకు డాట్ బ్యాక్, డాట్ డీడబ్ల్యూఎల్ తెలిసినవే. ఇవన్నీ పోయినా మళ్లీ వస్తాయి. డాట్ గిట్‌ఇగ్నోర్ అనే ఫైలులో లైనుకొకటి చొప్పున రాసేస్తే గిట్ వాటి జోలికి పోదు.

ఇక నెలాఖరున ప్రోగ్రాం తీసే పీడీఎఫ్. ప్రోగ్రాం పుట్టించిన ప్రతిదాన్నీ వదిలెయ్యమని చాలామంది చెబుతారు. నేను సగమే ఒప్పుకుంటాను. మిక్స్ డిజైన్ కాగితం ఉంటే కాంక్రీటు మళ్లీ కలుపుకోవచ్చు. ఆ రోజు పోసిన స్లాబు నుంచి తీసిన క్యూబుకి 28వ రోజున వచ్చిన రిపోర్టు మాత్రం పోతే మళ్లీ పుట్టదు. పీడీఎఫ్‌లు కూడా ఈ రెండు రకాలూ ఉంటాయి.

ఒక లెక్క చెబుతా, రాసుకోండి. మలేషియాలో కనీస జీతం 2025 ఫిబ్రవరి 1న 1,500 రింగిట్ల నుంచి 1,700 అయ్యింది. ఐదుగురికంటే తక్కువ మంది ఉన్న చోట ఆగస్టు 1 నుంచి. నెల జీతాన్ని 26తో, తర్వాత రోజుకి 8 గంటలైతే 8తో భాగించి, ఒకటిన్నర రెట్లు చేస్తే మామూలు రోజు ఓటీ గంట రేటు వస్తుంది. 1,500 మీద 10.82, 1,700 మీద 12.26. మన తమ్ముడు జీతం అంకెను ప్రోగ్రాం లోపలే రాశాడు. ఫిబ్రవరిలో దాన్ని మార్చి, జనవరి పీడీఎఫ్ మళ్లీ తీస్తే జనవరికి కూడా 12.26 పడుతుంది. ఆ కాగితం పట్టుకుని లేబర్ ఆఫీసుకి వెళ్తే మన మాటే తేలిపోతుంది.

కాబట్టి రేట్లు ఏ తేదీ నుంచి ఎంత అన్నది వేరే ఫైలులో పెట్టి, ఆ ఫైలు, గంటల ఫైలు, ప్రోగ్రాం, మూడూ గిట్‌లో ఉంచండి. అప్పుడు చిత్తు పీడీఎఫ్‌ని ధైర్యంగా వదిలేయొచ్చు. కంపెనీవాళ్లు సంతకం పెట్టిన షీటు స్కాను, వాళ్లకి వాట్సాప్‌లో పంపిన కాపీ మాత్రం వదలకండి. మన ప్రోగ్రాం అంకెలు తీస్తుంది గానీ సంతకం తీయలేదు కదా! పేర్లతో తంటాలు పడకుండా రెండు ఫోల్డర్లు చేసుకోండి, చిత్తు ఒకటి, సంతకం ఒకటి. ఇగ్నోర్‌లో చిత్తు ఒక్కటే రాయండి.

ఇంకో సంగతి. ఇగ్నోర్ చేసిన ఫైలుకి గిట్‌లో కాపీ ఉండదు. రూములో నలుగురు వాడే లాప్‌టాప్ పాడైతే అది కూడా పోయినట్టే. పైగా గిట్ క్లీన్ కమాండుకి బలవంతంగా చెయ్యమనే ఎఫ్‌తో పాటు పెద్ద ఎక్స్ తగిలిస్తే ఇగ్నోర్ చేసినవే ఏరి మరీ తుడిచేస్తుంది.

పాస్‌పోర్ట్, పర్మిట్ ఫోటోలు ఈ ఫోల్డర్‌లోనే వద్దు. రిపాజిటరీ ప్రైవేటుగానే ఉంచండి. ఒకసారి కమిట్ అయిన ఫైలుని తర్వాత తీసేసినా పాత చరిత్రలో ఉండనే ఉంటుంది.

చాలామంది అడిగేది, "ఇగ్నోర్‌లో రాశాను, అయినా మార్పులు చూపిస్తోంది" అని. ముందే గిట్‌లోకి ఎక్కిన ఫైలు మీద ఇగ్నోర్ పనిచేయదు. గిట్ ఆర్‌ఎం, రెండు అడ్డగీతలు, క్యాష్డ్, ఆ తర్వాత ఫైలు పేరు కొట్టి కమిట్ చేయండి. ఫైలు మీ డిస్కులో అలాగే ఉంటుంది, గిట్ లెక్కలోంచి మాత్రమే పోతుంది. ఉండాల్సిన ఫైలు కనబడకపోతే గిట్ చెక్ ఇగ్నోర్, అడ్డగీత వీ, ఫైలు పేరు కొట్టండి. ఏ లైను దాన్ని ఆపుతోందో నంబరుతో సహా చూపిస్తుంది.