పొలము ఓరన మిగిలిన పంట
(రేడియో ప్రసంగ పాఠము)

మీరు ఇంటిలో కూర్చుని వింటున్నా, వడ్ల రాశి దగ్గర కావలి పడుకుని వింటున్నా, దేవుడు మీతో మాట్లాడును గాక. ఈ దినము మన ధ్యానము కొరకు లేవీయకాండము 23వ అధ్యాయము 22వ వచనమును, రూతు గ్రంథము 2వ అధ్యాయమును తెరచి పెట్టుకోండి.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో నవంబరు నెల అంటే వరి కోతల కాలము. మన తాతల దినములలో ఇక్కడ చెరువుల క్రింద, బావుల క్రింద మాత్రమే వరి పండేది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడిచారు. ఎడమ కాలువ నీళ్ళు పారిన తరువాత మెట్టచేలు వరిమళ్ళయ్యాయి. మిర్యాలగూడ చుట్టూ రైసు మిల్లులు వెలిశాయి. ఈ నీళ్ళు మనకు దేవుడిచ్చిన ఈవి అని నేను నమ్ముచున్నాను.

అయితే కోతల కాలము ఇంటిలో ఎలా ఉంటుందో మీకు తెలుసు. హార్వెస్టరు వచ్చి గంటసేపట్లో ఎకరము కోసి పోతుంది. అసలు పని అప్పుడే మొదలవుతుంది. తేమ 17 శాతమునకు దిగితే గాని కొనుగోలు కేంద్రములో కాంటా కాదు. అమ్మ ఎండలో కాళ్ళతో వడ్లు తిరగబెడుతుంది. నాయిన రాత్రంతా రాశి పక్కన పడుకుంటాడు. మబ్బు పట్టితే పిల్లలు కూడా పట్టాలు కప్పడానికి పరుగెత్తాలి. మిల్లుకు పచ్చి వడ్లు తోలినవారు ట్రాక్టరు వరుసలో తెల్లవార్లూ కూర్చుంటారు. డబ్బు చేతికి రాకముందే ఎరువుల కొట్టు బాకీ, మిషను కిరాయి, పిల్లల ఫీజులు ఎదురు చూస్తుంటాయి. అందుకే సంవత్సరమంతా లేని కోపములు ఈ నెలలో లేస్తాయి. అన్నదమ్ములు మాటలు మానేది ఎక్కువగా రాశి దగ్గరే.

ప్రియులారా, నా చిన్నతనములో కోత కొడవళ్ళతో జరిగేది. పనలు వేసి, మోపులు కట్టి, కళ్ళములో కుప్ప వేసేవారు. మోపులు లేచిన మడిలోకి ముసలమ్మలు, పిల్లలు దిగి పరిగె ఏరుకొనేవారు. మా అమ్మ వారిని ఎన్నడూ అదిలించలేదు. ఒకసారి నాయిన విసుక్కుంటే, "మన గింజ మనకే ఉంటది, వాళ్ళ గింజ వాళ్ళను ఏరుకోనియ్యి" అన్నది. అమ్మ బైబిలు చదువలేదు. చదువు రాదు. గాని ఆ మాట లేవీయకాండములో ఉన్నదని నేను సెమినరీకి పోయిన తరువాత తెలుసుకున్నాను.

ఆ అధ్యాయము గమనించండి. 23వ అధ్యాయమంతా పండుగలను గూర్చినది. ఏ దినమున కూడుకోవాలి, ఏ అర్పణ తేవాలి అని దేవుడు వరుసగా చెప్పుచున్నాడు. ఆ మధ్యలో ఒక్క వచనము పొలమును గూర్చి ఉన్నది. పంట కోయునప్పుడు పొలము ఓరలను పూర్తిగా కోయవద్దు, పరిగెను ఏరుకొనవద్దు, అది బీదలకును పరదేశులకును విడువవలెనని దాని భావము. ఆరాధన దినములు చెప్పుచూ దేవుడు పొలము మాట ఎందుకెత్తాడు? ఆయన దృష్టిలో గుడిలో తెచ్చిన అర్పణ, పొలము ఓరన విడిచిన వెన్ను రెండూ ఒకే ఆరాధన గనుక.

ఇంకొక సంగతి. కోయునప్పుడు విడువమన్నాడు. ఇంటికి తెచ్చి, లెక్క చూసుకుని, మిగిలితే ఇమ్మనలేదు. ఈ తేడా నేను సిగ్గుపడి నేర్చుకున్నాను. ఈ దినము మీ ముందు ఒప్పుకుంటున్నాను.

మా నాయిన తరువాత నా వంతుకు కొంచెము భూమి వచ్చింది. నేను సేవలో ఉన్నాను గనుక మా పెదనాయిన కొడుకు కౌలుకు చేస్తున్నాడు. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఆ సాయము పట్టా ఉన్నవారి ఖాతాలో పడింది. నేను అడుగు పెట్టని మడికి డబ్బు నాకు వచ్చింది. బురదలో నిలబడిన అన్నకు రాలేదు. నేను దాన్ని గూర్చి ఆలోచించను కూడా లేదు. 2025 అక్టోబరు చివరిలో మొంథా తుపాను వానలకు కోతకు వచ్చిన వరి పడిపోయింది. అన్న ఫోను చేసి, "తమ్ముడా, వడ్లు మొలకలొచ్చినయి. ఈసారి కౌలు కొంచెం చూడు" అన్నాడు. నేను, "అన్నా, మాట మాటే గదా" అన్నాను. ఆయన మారు పలుకలేదు. తడిసిన వడ్లు తక్కువకు అమ్మి, కౌలు మొత్తము తెచ్చి ఇచ్చాడు. నేను లెక్కపెట్టి తీసుకున్నాను.

తరువాత ఒక శనివారము రాత్రి రూతు గ్రంథము మీద ప్రసంగము సిద్ధపరచుకుంటున్నాను. నా భార్య అడిగింది: "రేపు బావగారు కూడా గుడిలో కూర్చుంటారు గదండీ. బోయజు సంగతి చెప్పేటప్పుడు ఆయన ముఖం చూడగలరా?" నేను బైబిలు మూసి, ఆ రాత్రే డబ్బు తీసుకుని ఊరికి పోయాను. క్షమించుమని అడిగాను. అన్న తల వంచుకుని కూర్చున్నాడు. వదినె డబ్బు తీసుకుని, "నాలుగు దినాలు ముందొస్తే పిల్లదాని ఫీజుకు మిత్తికి తేకపోదుము అయ్యా" అన్నది. ఆ మాట నేటికీ నాలో ఉన్నది. నేను ఇచ్చాను, నిజమే. గాని కోయునప్పుడు విడువలేదు.

బోయజును చూడండి. పొలమునకు వచ్చి మొదట కోతవారిని దేవుని పేరట పలుకరించాడు. రూతు ఎవరని విచారించాడు. భోజన వేళ దగ్గరకు పిలిచి తినమన్నాడు. పనల నుండి కావాలని కొన్ని జారవిడువుమని పనివారికి చెప్పాడు, ఆమెను గద్దించవద్దన్నాడు. చేయి చాచి అడిగే అవసరము లేకుండా, తన చేతులతో ఏరుకొని తలెత్తుకుని ఇంటికి పోయేటట్లు చేశాడు. రూతు సాయంకాలము తూమెడు యవలను, తాను తిని మిగిల్చిన ఆహారమును అత్త యొద్దకు తెచ్చింది. ఒక పొలము ఓర రెండు ప్రాణములను నిలిపింది. ఆ ఇంటి నుండే దావీదు, ఆ వంశమందే మన ప్రభువు వచ్చారు.

ప్రియులారా, నేడు మిషను కోసిన మడిలో మునుపటి పరిగె మిగలదు. అయితే మన ఓరలు ఎక్కడ ఉన్నవి? పంట పోయిన యేట కౌలుదారుని యొద్ద విడిచే బస్తాలు ఒక ఓర. అన్నదమ్ముల పంపకములో పట్టుబట్టకుండా విడిచే గట్టు ఒక ఓర. బరువు మోసే హమాలీ కూలి బేరమాడకుండా సాయంకాలమే ఇచ్చుట ఒక ఓర. ఎండలో వడ్లు తిరగబెట్టిన భార్యను అడుగకుండా ఆ డబ్బు ఖర్చు చేయకుండుట కూడా ఒక ఓరయే. పంటంతా పోయి నష్టములో ఉన్న సహోదరుడా, ఈ మాట నీ మీద భారము వేయుటకు కాదు. ఈ యేడు నీవే పరిగె ఏరుకొను స్థలమందు ఉండవచ్చు. అందులో సిగ్గు లేదు. రూతు అక్కడే నిలిచింది.

ఈ వారము కాంటా కాకముందే ఇంటిల్లిపాది కూర్చుని ఒక్క ప్రశ్న వేసుకోండి: మన పంటలో ఎవరి గింజ ఉన్నది? పిల్లలను కూడా చెప్పనివ్వండి.

ప్రార్థన చేసుకుందాము. పరలోకమందున్న తండ్రీ, వాన నీ చేతిలో ఉన్నది, పంట నీ చేతిలో ఉన్నది. కళ్ళములలో కావలి ఉన్నవారిని కాపాడుము. తడిసిన రాశి ముందు కూర్చున్న కుటుంబములను ఆదరించుము. మాటలు మానిన అన్నదమ్ములను కలుపుము. ఆలస్యము కాకముందే విడిచిపెట్టు మనస్సు మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.